సీతయ్యన్న బండ్లు

మా తండాలో ట్రాక్టర్ కొనేవాడు హార్స్‌పవర్ అడగడు, మైలేజీ అడగడు. "సీతయ్యన్న వస్తడా?" అని అడుగుతాడు. చదువుకున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఖమ్మం నుంచి ఈ భద్రాచలం అడవి అంచు పొలాల దాకా పానాల సంచి పట్టుకుని వచ్చిన మెకానిక్ ఆయనొక్కడే.

సీతయ్యది ముదిగొండ. ఖమ్మంలో ఒక డీలర్ దగ్గర పద్దెనిమిదేళ్లు పని చేశాడు. మా పదకొండు ట్రాక్టర్లూ ఆ కంపెనీవే, పదకొండూ ఆయన మాట మీద కొన్నవే. కొత్త బండి దిగిందంటే నిమ్మకాయల మీదుగా మొదటి చుట్టు ఆయనే తిప్పాలి. ఆ రోజు మా అమ్మ ద్వాలి కోడిని కోసేది.

రెండేళ్ల కిందట షోరూం యజమాని కొడుకు చేతికి వచ్చింది. వారంటీ దాటిన బండి కోసం మెకానిక్ పొలానికి వెళ్లకూడదు, బండినే ఖమ్మం తేవాలి అని రూలు పెట్టాడు. దమ్ములో దిగబడిన ట్రాక్టర్‌ను అంత దూరం ఎవడు మోసుకుపోతాడు? ఏసీ గదిలో కూర్చుంటే ఎన్ని రూళ్లయినా పుడతాయి.

మొన్న వానాకాలం, సరిగ్గా నాట్లప్పుడు వారంటీ ఎప్పుడో దాటిన మా బండి క్లచ్ పోయింది. మా నాన్న దేవ్లా ఫోన్ చేశాడు. ఆదివారం సీతయ్య సొంత బైకు మీద వచ్చి, సాయంత్రం దాకా బురదలోనే పని చేసి బండిని నడిపించాడు. నేను మురిసిపోయి ఫొటో తీశాను. 'సర్వీసంటే గిట్లుండాలె' అని రాసి షోరూంవాళ్లు నడిపే కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆయనకు పేరొస్తుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సోమవారం మధ్యాహ్నానికి ఆయన ఉద్యోగం ఊడింది.

తండా భగ్గుమంది. "ఎందుకైనా మంచిది, ఒక్కసారి అన్నను అడుగుండ్రి," అంది నా భార్య కవిత. ఎవరు వింటారు? చలికాలం వచ్చేసరికి ఒకరిని చూసి ఒకరు పదకొండు బండ్లనూ ఇంకో కంపెనీకి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం.

ఆ సంగతి చెప్పడానికి నాన్నా నేనూ ముదిగొండ వెళ్లాం. "నిన్ను ఎల్లగొట్టినోని బండి మా తండాల ఒక్కటి గూడ ఉంచలే అన్నా," అన్నాడు నాన్న గర్వంగా.

సీతయ్య సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"అన్నీ ఇచ్చేసిండ్రా?"

"అవ్."

నాకు భయమేసింది. ఆయన కాళ్లు పట్టుకుని ఫొటో పెట్టింది నేనేనని చెప్పాను.

"ఎరికే కోటేషూ. ప్రేమతోటి పెట్టినవ్, దానికేం బాధ లేదు," అని నన్ను లేపాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. "మీ తండా రోడ్డు మీద షెడ్డు కిరాయికి మాట్లాడిన, దేవ్లా. మీ పదకొండు బండ్లు చూసుకుంట బతుకుదామనుకున్న. కొత్త బండ్ల మీద నా అసోంటి బయటోని చెయ్యి పడ్డదంటే మీ వారంటీ పోతది. ఇగ నేనెట్ల ముట్టుకునేది?"