మేస్త్రీ విప్పి పెట్టిన సైకిల్

మా సైకిల్ మేస్త్రీ సోమవారం తెల్లారేసరికి నిద్రలోనే పోయారని పాలు పోసే ఆమె చెప్పింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా దాచను, ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన కాదు, నా సైకిల్. తిరుపతి కొర్లగుంటలో ఆయన కొట్లో అది ముందు చక్రం లేకుండా వేలాడుతోంది. శనివారం చిత్తూరు దగ్గర రోడ్డు పందెం. మొదటి ముగ్గురిలో ఉంటే క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి పిలుస్తారు. వయసు లెక్కన నాకదే ఆఖరి అవకాశం.

నాలుగేళ్లుగా నేను శేషాచలం అంచున రాళ్లదారుల్లో పందేలు తొక్కినదాన్ని. ఈసారి మాత్రం రోడ్డు పందెమే లెక్కలోకి వస్తుందన్నారు. కొత్త సైకిల్ కొనే స్తోమత లేదు. ఉన్నదాన్నే మార్చిపెట్టమని మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీద బరువేసి నొక్కారు. లోపలి స్ప్రింగు దిగి లేచింది.

"ఇది రాళ్లలో నిన్ను కాపాడింది పాపా. రోడ్డు మీద నువ్వు తొక్కే బలమంతా ఇదే మింగేస్తాది" అన్నారు.

అన్నీ ఒకేసారి మార్చే మనిషి కాదాయన. మొదట ముళ్ల టైర్లు తీసి నున్నటి సన్న టైర్లు వేసి, కరకంబాడి రోడ్డులో తొక్కి రమ్మన్నారు. వచ్చాక ఎక్కడ తేలికైంది, ఎక్కడ జారింది అని పోలీసులా ప్రశ్నలు. రెండు రోజులకు హ్యాండిల్ రెండు కొసలూ కోసి మళ్లీ పంపారు. ఆ తర్వాత పెడల్ దగ్గరి పళ్లచక్రం పెద్దది వేశారు. "రెండూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో నీకెట్ల తెలస్తాది?" అనేవారు. ఏ బోల్టునైనా ముందు కళ్లు మూసుకుని వేళ్లతోనే తిప్పేవారు. మర సరిగ్గా పడిందని వేలికి తెలిశాకే పానా కోసం చెయ్యి చాపేవారు. పక్కనే పీట మీద కూర్చుని ఆయన భార్య అందించేది. నేను గెలవగలనని మా ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేదు. ఆయన నమ్మి పని చేశారు.

అలా ఫోర్కు ఆఖరికి మిగిలింది. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం, నాకు ఓపిక చచ్చిపోయి, "నీ చాదస్తంతో నన్ను ముంచేస్తావన్నా" అని అరిచాను. ఆయనకు కోపం రాలేదు.

"రేపు ఇప్పుతా, ఎల్లుండి బిగిస్తా. పొయ్యి అన్నం తిను" అన్నారు.

ఆ ఎల్లుండే సోమవారం. ఆయనతో నా ఆఖరి మాట ఆ అరుపే. తలుచుకున్నప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మైల తీరేదాకా, అంటే పదకొండో రోజు దాకా, కొట్టు తెరవరు. మూడు రోజులు ఆ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. తాళం అడగడానికి నోరు రాలేదు, అడగకుండా లేచి రావడానికి ప్రాణం ఒప్పలేదు. నాలుగో రోజు నా మొహం చూసి ఆయన భార్యే తాళంచెవి తీసుకుని లేచింది. మరిది అడ్డుపడ్డాడు.

"మైల తీరకుండా కొట్టు తీస్తారా వదినా?"

"ఆయన ఇప్పిపెట్టి పొయినాడు. ఎవురో ఒకరు బిగించల్ల గదా" అంది.

కొట్టు తెరిచాక, ఇంకో కొట్టుకు తీసుకుపోతానక్కా అన్నాను. "ఏం పన్లేదు, ఈడనే కూసో" అంది. ఆయన తీసిపెట్టిన స్ప్రింగు లేని ఉక్కు ఫోర్కు ఎక్కించాను. పానా అందుకోబోతే "అది గాదు, దాని పక్కది" అంది. ఎక్కడ ఎంత బిగించాలో ఆమె చెప్పింది, నేను బిగించాను. మా ఇద్దరిలో ఎవరమూ ఏడవలేదు.

పందెంలో నేను నాలుగోదాన్ని. ముగ్గురినే తీసుకున్నారు. చివర్లో నా కాళ్లే చచ్చుబడ్డాయి, ఎవరినీ అనడానికి లేదు. ఇక ఏం చేసి బతకాలో ఈ రోజుకీ తెలియడం లేదు.

పదకొండో రోజు ఆ సైకిల్ మీదే వాళ్లింటికి వెళ్లాను. ఎన్నోదానివని ఆమె అడగలేదు.

"బండి యాడన్నా మొరాయించిందా?"

"లేదక్కా. ఒక్క చోట కూడా."

ఆమె గోడ మీది ఫొటో వైపు తిరిగింది. "ఇన్నావా? యాడా మొరాయించలేదంట" అంది. తర్వాత వాకిట్లోకి వచ్చి, ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని, టైరులో దిగిన కంకరముక్కను గోటితో పెకలించసాగింది.