సాయిసుధ డిలీట్ చేసిన వీడియోలు

ఢిల్లీ కరోల్ బాగ్‌లోని ఓ సివిల్స్ కోచింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూసే కోటయ్యకు నోటి దురుసు ఎక్కువ. అందరూ ఫైళ్లు దాచుకునే లైనక్స్ సర్వర్‌లో డిస్కు నిండినప్పుడల్లా విద్యార్థుల మీద విరుచుకుపడేవాడు. నిన్న సాయిసుధ వంతు వచ్చింది. "నీ చెత్తంతా తీసెయ్యమ్మా" అని అందరి ముందూ కసిరితే, ఆ పిల్ల ఏడాదిగా దాచుకున్న మాక్ ఇంటర్వ్యూ వీడియోలన్నీ డిలీట్ చేసేసింది.

ఈ ఉదయానికి డిస్కు మళ్లీ నిండింది. ఏది ఎంత చోటు తింటోందో కోటయ్య మొదటిసారి చూశాడు. ఆరేళ్లుగా తను సర్వర్‌ను అప్‌డేట్ చేసినప్పుడల్లా దిగిన పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు, ఇన్‌స్టాల్ అయిపోయాక ఎందుకూ పనికిరానివి, నలభై జీబీ పేరుకుపోయి ఉన్నాయి. ఒక్క కమాండ్‌తో పోయాయి.

"అంకుల్, నా వీడియోలు తీసేస్తే చోటు సరిపోయిందా?" అంటూ సాయిసుధ వచ్చింది.

"సరిపోయిందమ్మా" అన్నాడు కోటయ్య, తెర ఆమెకు కనపడకుండా అడ్డంగా నిలబడి.