తొట్టిలో పెంచిన దోమలు

ఆ కరువు ఏడాది మా ఇంట్లో దోమలను పెంచింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజుల పేజీలు తీస్తే "ఎండ. పడమటి గాలి. తొట్టి నిండుగా ఉంది" అని మాత్రమే కనిపిస్తుంది.

కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. మా మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాకు ఒక మూల. నాయనకు పలకల దుకాణం. మా దొడ్లో నీళ్ల తొట్టి కూడా పలకరాతి బండలతో కట్టిందే. నల్లగా, చల్లగా, నా నడుము ఎత్తున ఉంటుంది. ఆ ఏడు మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. బావిలో చేద వేస్తే అడుగున గీరుకున్న చప్పుడు వినిపించేది. తెచ్చిన ప్రతి బిందె తొట్టిలోకే చేరేది. మామూలు రోజుల్లో వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగేవాళ్లం. కరువులో ఆ పని మానేశాం. పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోసేవాళ్లం. నాయన తల్లి, మా అవ్వ, చెంబెడు నీళ్లు కింద పోసినా ఊరుకునేది కాదు. మా వీధిలో అందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. వాన లేదు గదా, ఇక దోమలెక్కడివని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

మలేరియా ఆఫీసు నుంచి ఒకతను పదిహేను రోజులకొకసారి ఇంటింటికీ వచ్చేవాడు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు. భుజాన సంచి, చేతిలో గుంతల నీళ్లు ముంచి దోమ పిల్లలున్నాయేమో చూసే పొడుగు కాడ తెల్ల గరిటె. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడిగేవాడు. వీధి తలుపు వెనక గోడ మీద ఎర్రరంగుతో గీసిన గడిలో పెన్సిలుతో తేదీ వేసి పోయేవాడు.

"వాన రాకపోయినా నువ్వు మాత్రం తప్పకుండా వస్తండావే నాయనా" అనేది అవ్వ.

"వానకు పైఅధికారి లేడవ్వా. నాకున్నాడు."

నేను లోపలి తలుపు చాటున పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. పేజీ తిప్పిన చప్పుడు విన్నాడేమో, ఒకరోజు లోపల ఎవరు చదువుతున్నారని అడిగాడు.

"మా మనవరాలు. మనుషులతో మాట్లాడదు, కాగితాలతోనే మాట్లాడతాది" అంది అవ్వ.

అతను తలుపు వైపు తిరిగి, ఎక్కువ గొంతు పెంచకుండా అన్నాడు: "అయితే నాకొక సాయం చేయాలి. ఈ ఊరి గాలీ వానా నాకు కొత్త. ఎప్పుడు చినుకు పడింది, గాలి ఎటు నుంచి, దోమలు ఏ రోజు ఎక్కువగా ఉన్నాయి, రాసి పెడితే చాలు."

ఆ రోజు నుంచి నా డైరీలోకి వాతావరణం వచ్చింది. పదిహేను రోజులకు ఒక కాగితం మీద ఎత్తి రాసి అవ్వ చేతికిచ్చేదాన్ని. అతను నిలబడే చదివేవాడు. చదివి అవ్వకు చెప్పేవాడు. కుండపోత వాన దోమ పిల్లలను కొట్టుకుపోతుందట. సన్నటి ముసురు పట్టి, ఎండకాసి, మళ్లీ చినుకు పడితేనే పలకల గనుల గుంతల్లో నీళ్లు నిలిచి, వారం పది రోజుల్లో దోమలు లేస్తాయట. వడగాడ్పుకు దోమ నాలుగు రోజులు కూడా బతకదట. అవ్వ వక్క కత్తిరించుకుంటూ ఊ కొట్టేది. వినేది నేను. అతను పోయాక వీధి తలుపు వెనక్కి వెళ్లి, ఆ తేదీ అంకెలను చూసేదాన్ని. వేలితో తాకితే చెరిగిపోతాయని దూరం నుంచే.

శ్రావణంలో ఒకరోజు అతను గరిటె సంచిలో పెట్టుకుంటూ అన్నాడు: "గుంతలన్నీ ఎండిపోయినాయి అవ్వా. దోమలు లేనిచోట మాకేం పని? ఇట్లాగే ఉంటే కృష్ణా కాలవల వైపు పంపిస్తారు."

"పంపనీ నాయనా. ఆడన్నా నీళ్లు తాగుతావు" అంది అవ్వ.

ఊరంతా పంటల కోసం వాన కావాలని మొక్కుతోంది. నేనూ మొక్కాను. నాకు కావలసింది గుంతల్లో నిలిచే నీళ్లు.

వాన రాలేదు. కానీ వారం తిరగకముందే తొట్టి మూలన, నీడపట్టున, నీళ్ల మీద వెంట్రుక ముక్కల్లాంటివి కనిపించాయి. చెయ్యి పెడితే మెలికలు తిరుగుతూ కిందికి పోయాయి. బట్ట వేసి వడకట్టి తీసేయడం నాకు తెలుసు. అది ఆడపిల్లగా నా పనే. నేను తీయలేదు. పైగా ఆ మూల నీళ్లు కదలకుండా బిందెను రెండో వైపు నుంచి ముంచాను.

తర్వాత వచ్చినప్పుడు అతను మా తొట్టిలో గరిటె ముంచి చూసి ఆశ్చర్యపోయాడు. చుట్టూ నాలుగిళ్లలోనూ ముంచాడు. తొట్లు, గాబులు, అన్నిట్లోనూ అంతో ఇంతో ఉన్నాయి. కరువులో దోమలు గుంతలు వదిలి ఇళ్లలోకి వచ్చాయని ఆఫీసుకు రాశాడు. ఇక మీదట వారానికొకసారి వస్తానన్నాడు.

"నీళ్లు పారబోయించండవ్వా."

"నా ప్రాణమన్నా పారబోస్తాను గానీ" అంది అవ్వ.

అతను నవ్వి, కనీసం వడకట్టమన్నాడు, తలుపు వైపు చూస్తూ. నేను తలూపాను. తలుపు అవతలికి అది కనిపించదు. తొమ్మిది వారాలు తలూపాను, తొమ్మిది వారాలు వడకట్టలేదు. గోడ మీది గడి నిండిపోతే పక్కన ఇంకో గడి గీశాడు.

పదో వారం అవ్వకు చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం వణికింది. అతను వచ్చి ఆమె వేలు సూదితో గుచ్చి, నెత్తురు గాజుపలక మీద రాసుకుని, మాత్రలు ఇచ్చాడు.

"నొప్పేసిందా అవ్వా?"

"దోమకంటే నువ్వే నయం నాయనా. చెప్పి కుడతావు" అంది అవ్వ, పళ్లు టకటకలాడుతుంటే.

తర్వాత అతను దొడ్లోకి వెళ్లాడు. గరిటె ముంచిన చప్పుడు వినపడింది. అవ్వను కుట్టిన దోమ మా తొట్టిదో, పక్కింటి గాబుదో ఎవరు చెప్పగలరు? నేను మాత్రం చెప్పగలను.

అతను వీధి మలుపు తిరగగానే తొట్టి ఖాళీ చేశాను. సగం నీళ్లు గేదెకు, సగం కరివేపాకు చెట్టుకు. అడుగున పీచు పెట్టి చేతులు మండేదాకా రుద్దాను. మంచం మీద నుంచే అవ్వ తిట్టింది: "ఏందే పాపా, నీకు మతి పోయిందా? రేపేం తాగుతావు?" మర్నాడు తెల్లారేసరికి బావి దగ్గర అందరికంటే ముందు నేనే ఉన్నాను. పక్కిళ్లకు వెళ్లి, నోరు తెరిచి అడగలేక, బట్ట చూపించి, వాళ్ల గాబులు కూడా నేనే వడకట్టి వచ్చాను. అవ్వ తేరుకుంది. నెల తిరిగేసరికి వీధిలో గరిటెకు ఒక్క పురుగు తగలలేదు.

దాంతో అతనికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి.

ఆఖరి రోజు అవ్వ కోసం తలుపు తట్టాడు. అవ్వ ఇంట్లో లేదు, గుడికి పోయింది. మొదటిసారి నేను తలుపు చాటు నుంచి గడప దాకా వచ్చాను. చేతిలో ఆ వారం కాగితం ఉంది. అతను తీసుకుని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడ మీద తేదీ వేశాడు. నేను తొట్టి సంగతి చెప్పాలనుకున్నాను. ఆ మాట వస్తోందని అతనికి తెలిసినట్టే, సంచి భుజానికి తగిలించుకోవడం ఆపి కాసేపు నిలబడ్డాడు. గిద్దలూరు వైపు నుంచి బస్సు హారను వినపడింది.

అతను చెప్పులు వేసుకుని మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు.

"నా తర్వాత వచ్చేది పెద్దాయన. చెవులు కొంచెం మందం. ఇంట్లో జ్వరమొస్తే మీరే బయటికొచ్చి గట్టిగా చెప్పాలి."