నడుముకు తాడుతో రాజయ్య

నిద్రతో తూలుతున్న మనిషి చేత మగ్గాలు నడిపించడం ఏ ధర్మమో మీలో ఎవరైనా చెప్పగలరా?

ఈ రోజు భజన ప్రసాదం పంచడానికి మనవాళ్లు పొట్టకూటికి వలస వచ్చిన ఉధ్నాలోని ఒక మరమగ్గాల షెడ్డుకు వెళ్లాను. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఉన్నవాళ్లే రాత్రి షిఫ్టు దిగి పగటి షిఫ్టు ఎక్కుతున్నారు. మా భజనకొచ్చే రాజయ్య ప్రసాదానికి చెయ్యి చాచాడు గానీ నా దాకా రాలేకపోయాడు. నడుముకు తాడు! రెండో కొస స్తంభానికి కట్టి ఉంది.

“గిదేంది రాజయ్యా?”

“కునుకొస్తే మగ్గంల వడకుండ, సామీ.”

పక్కనే నిలబడి పని చేయిస్తున్న మాస్టర్ మాస్కు దించి నవ్వాడు. “ఉపాయం నాదే సామీ! మస్తు పనిజేస్తుంది. జర దీవించుండ్రి.”

ఈయన ప్రతి శనివారం మా భజనలో తాళం వేస్తాడు. నా ప్రసంగాలు బాగానే చెవికెక్కాయి! దేవుడికే పవళింపు సేవ చేసి, నిద్ర చెడకూడదని తలుపులు మెల్లగా మూసేవాళ్లం, మనిషికి తాడు కడతామా?

నేనే ముడి విప్పాను. రాజయ్య మాత్రం కదల్లేదు. “ఇంటికి వోతే మల్ల పనిలకు రానియ్యరు, సామీ.”

షెడ్డు యజమాని సేటునే అడుగుదామని గేటు దగ్గర కూర్చున్నాను. ఇది చదివినవాళ్లు కింద దీవెనలు రాయకండి, లేచి ఈ గేటు దగ్గరికి రండి. రాత్రి షిఫ్టు మొదలయ్యేలోపే రండి!