ద్వెస్సో అన్న మాటకు రెండర్థాలు

2019 అక్టోబరు 22, మంగళవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. దక్షిణ కొరియాలోని బుచన్ పట్టణంలో, సగం నేలలోకి దిగిన రెండు గదుల ఇంట్లో ప్యో మల్సుక్ మైకు ముందు నిలబడింది. వయసు అరవై ఒకటి. గొంతుకు విశ్రాంతి కోసం మూడు రోజులుగా ఒక్క మాటా మాట్లాడలేదు. స్వరతంతువు మీద ఏర్పడిన బుడిపెను మర్నాడు తొలగిస్తారు. ఆ తరువాత పై స్వరాలు నిలుస్తాయో లేదో చెప్పలేమని వైద్యురాలు ముందే స్పష్టం చేసింది. ఇప్పుడున్న గొంతు రోజుకు ఒక్క పాటకు, అదీ మధ్యలో ఆగిపోకుండా పాడితేనే, సరిపోతుంది. ఆపైన గాలి తప్ప నాదం రాదు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె వృత్తి నమూనా పాటలు పాడడం. కొత్త పాటను ఆమె పాడి ఇస్తే, పేరున్న గాయని అది విని నేర్చుకుంటుంది. తరువాత నమూనాను చెరిపేస్తారు. అలా 1,840 పాటలు పాడింది. ఈనాటిది మాత్రం ఆమె స్వయంగా కట్టుకున్నది, ఆమె పేరుతో మిగలవలసిన మొదటిది.

పక్క గదిలో తమ్ముడు గిహ్వాన్ పెళ్లి వీడియోలకు శబ్దం సరిచేస్తాడు. కంప్యూటర్లు రెండు, మైకు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె ఒక్కటే. గిహ్వాన్ బల్ల మీది స్విచ్చును ఎడమకు తిప్పితే పెట్టె అక్కది, కుడికి తిప్పితే తమ్ముడిది. తన పని ముగియగానే ఆమె "ద్వెస్సో" అంటుంది, అతను తిప్పుకుంటాడు. ఆరేళ్లుగా ఇదే పద్ధతి. ద్వెస్సో అంటే అయింది అని. వద్దులే అని కూడా.

"మూడు రోజులుగా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! ఆపరేషను ఇంకో నెల వాయిదా వేయిద్దామా అక్కా?" అన్నాడు గిహ్వాన్.

ఆమె కాగితం మీద రాసి చూపింది: "నోరు మూతపడింది గానీ చెయ్యి పనిచేస్తోంది. వీపు ఇటు తిప్పు."

అతను నవ్వుతూ తన గదిలోకి వెళ్లి స్విచ్చు ఎడమకు తిప్పాడు.

మొదటి చరణం నిర్దోషంగా వచ్చింది. తరువాత పద్దెనిమిది సెకన్ల వాద్య సంగీతం. అది ఆమె హెడ్‌ఫోనులో మాత్రమే వినిపిస్తుంది. గోడ అవతల గిహ్వాన్‌కు వినిపించింది నిశ్శబ్దం. పాట ముగిసిందనుకుని, బేరిపండు ఉడికించిన నీళ్లు కప్పులో పోసి తలుపు కొద్దిగా తెరిచాడు.

"వేడిగా ఉన్నాయక్కా. ఒక్క గుక్క."

ఆమె మైకు నుంచి కదలకుండానే చెయ్యి ఊపింది. "ద్వెస్సో."

అతను తలుపు మూసి, వెళ్లి, స్విచ్చు కుడికి తిప్పాడు.

హెడ్‌ఫోనులో వాద్యం ఆగిపోయింది. పరికరం కనబడడం లేదని తెర మీద ఒక వాక్యం.

"గిహ్వాన్! ఏం చేశావురా?"

"నువ్వే కదా ద్వెస్సో అన్నావు!"

"నీళ్లు వద్దన్నానురా, వెధవా!"

కంప్యూటరు పెట్టెను మళ్లీ గుర్తించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. రెండో చరణం మొదటి పాదం పాడింది. రెండో పాదంలో గొంతు చీలింది. మూడో పాదంలో గాలి మిగిలింది.

ఆస్పత్రికి వెళ్లే టాక్సీలో గిహ్వాన్ తల ఎత్తలేదు. "తిట్టక్కా. తిడితే తేలికవుతుంది."

ఆమె గుసగుసగా అంది: "ఆడపిల్లలిక చాలని నాకు మల్సుక్, అంటే 'చివరిది', అని పేరు పెట్టారు. ఆ తరువాత నువ్వు పుట్టావు. చాలన్న మాట మన ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ సరిగా అర్థం కాలేదులే."

డిసెంబరు 9న వైద్యురాలు పాడడానికి అనుమతించింది. ఆ సాయంత్రం గిహ్వాన్ స్విచ్చు ఎడమకు తిప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కావాలంటే శ్రుతి తగ్గిద్దాం అక్కా. మొదటి చరణాన్ని కూడా దించేస్తాను, తేడా తెలియదు."

"అది నా గొంతురా. దాన్నెందుకు దించుతావు?"

రెండో చరణంలోని అత్యున్నత స్వరానికి సెకనుకు 523 కంపనాలు కావాలి. ఆమె మూడుసార్లు ప్రయత్నించింది. తెర మీద నమోదైన గరిష్ఠ సంఖ్య: 392.