ప్రైవేటు తరఫున నేను

మహబూబాబాద్‌లో రైల్వే స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉన్న మా అద్దె ఇంట్లో, వంటింటి పక్క చిన్న గదే నా ఆఫీసు. మాకు దీపాలు పెట్టే వేళకు అమెరికాలో పొద్దు పొడుస్తుంది. అప్పుడు నేను హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంపెనీ పెట్టిన ఒక దొరసాని పేరుతో అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేస్తాను. జీతం ఇచ్చేది హైదరాబాద్ కంపెనీ. ఆ కంపెనీకి పని ఇచ్చేది అమెరికాలోని ఒక ఆస్పత్రి. ఆస్పత్రి రోగికి వైద్యం చేస్తుంది, ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లు మేం కట్టం అంటారు, ఎందుకు కట్టరో చెప్పమని నేను అడుగుతాను. నేను చదివింది ఫార్మసీ. మందులెట్లా పని చేస్తాయో నేర్చుకుని, వాటికి డబ్బులెందుకు ఇవ్వరో కనుక్కునే ఉద్యోగంలో కుదురుకున్నాను.

మా అత్తమ్మకు ఈ ఉద్యోగం మీద మొదటి నుంచీ గౌరవం లేదు. ఆమెది కురవి పక్క పల్లె. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. సాయంత్రం నేను పనికి కూర్చోగానే గుమ్మం దగ్గర పీట వేసుకుని, కూరగాయలు ముందేసుకుని అడిగేది.

"ఇయ్యాల ఎవలను బతిలాడుతున్నవు బిడ్డా?"

ఒక రోజు ఫోన్ లైన్ కలిసేలోపు చెప్పాను. "స్కూలు బస్సు నడిపే ఆమె అత్తమ్మా. బస్సు దిగంగనే ఛాతిల నొప్పి వచ్చిందంట. దవాఖానకు తీస్కపోతే గుండెకు స్టెంట్ వేసిన్రు. గిప్పుడు ఇన్సూరెన్సోళ్లు పైసలు ఇయ్యం పో అంటున్నరు."

"ఎందుకంట?"

"వేసే ముందట వాళ్లను అడగలేదంట. అంత తొందర పడే రోగమేం కాదంట."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. "ఆళ్లను అడిగేదాక గుండె ఆగుతదా?"

ఆగుతుంది, రెండు రకాలుగానూ ఆగుతుంది అనుకున్నాను కానీ, అప్పటికి లైన్ కలిసింది.

అవతల ఒక మగ గొంతు. అతనికీ ఒక దొర పేరుంది. నేను ఇంగ్లిష్‌లో అడిగాను, అతను ఇంగ్లిష్‌లో చెప్పాడు. ముందస్తు అనుమతి లేదు, అత్యవసరమని తేలలేదు, కాబట్టి చెల్లించడం కుదరదు. అంబులెన్స్ వాళ్లు రాసిన కాగితం ఉందన్నాను. అది వేరే విభాగం చూస్తుందన్నాడు. ఆ విభాగం నంబరు ఇవ్వమన్నాను. దానికి ఫోన్ ఉండదు, ఫ్యాక్స్ మాత్రమే ఉంటుందన్నాడు. చంద్రుడి మీద కాలు పెట్టినోళ్లకు ఈ ఒక్క విభాగంలో ఫోన్ పెట్టుకోవడం చేతకాలేదు.

ఇంతలో అతని వెనక నుంచి మైకులో కేక వినిపించింది. "ఉల్లిగడ్డా... ఎల్లిగడ్డా..."

నాకు నవ్వు ఆగలేదు. అతనూ తడబడ్డాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "అక్కా, మాది జనగామ. నేను గూడ ఏం చెయ్యలేను. గిండ్ల రాసి ఉన్నదే చదువుతున్న" అన్నాడు. ఆ వెంటనే మళ్లీ దొర గొంతు తెచ్చుకుని, మీకు ఇంకేమైనా సహాయం కావాలా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఫోన్లు రికార్డవుతాయి మరి.

ఎక్కడో ఒక బస్సు డ్రైవరమ్మ గుండె గురించి, మహబూబాబాద్‌లో కూర్చున్న నేనూ జనగామలో కూర్చున్న అతనూ దొంగ పేర్లతో వాదించుకుంటున్నాం. ప్రపంచంలోకెల్లా గొప్ప వైద్యమని వాళ్లు చెప్పుకునేది నాకు తెలిసినంతవరకు ఇదే. ఆ బిల్లు చివరికి ఆమె మీదే పడింది. వసూలు చేసే వేరే కంపెనీకి అప్పగించారని తర్వాత కంప్యూటర్లో చూశాను.

ఆ వేసవిలో మిరపకాయలు మా డాబా మీద ఎండబోశాం. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నేను బట్టలు తీసేలోపు అత్తమ్మ టార్పాలిన్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. పైన కాయలన్నీ కప్పేసి, దిగేటప్పుడు జారింది. చూస్తే మెట్ల కింద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడమ కాలు పొట్టిగా కనిపించింది. "తుంటి ఇరిగినట్టున్నది బిడ్డా, ముట్టకు" అంది.

మా ఆయన ఎరువుల దుకాణం నుంచి ఆటో పట్టుకుని వచ్చాడు. కంపెనీ నాకిచ్చిన ఇన్సూరెన్స్‌లో అత్తమ్మ పేరు కూడా ఉంది. అందుకే ధైర్యంగా అద్దాల తలుపులున్న కొత్త ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఆమె కాలు వైపు చూడను కూడా లేదు.

"సర్కారు కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?"

"ఇన్సూరెన్స్" అన్నాను. కాస్త గర్వంగానే అన్నానేమో.

ఏసీ గదిలో మెత్తటి మంచం మీద పడుకోబెట్టారు. ఎక్స్‌రే తీశారు. కాసేపటికి మళ్లీ తీశారు. తుంటి బంతి విరిగింది, మార్చాలన్నారు. నొప్పి తగ్గడానికి సూది వేశారు కానీ, ఆపరేషన్ సంగతి అడిగితే మాత్రం అందరూ ఒకే మాట అన్నారు. "అప్రూవల్ రావాలె మేడమ్." డాక్టరూ అదే అన్నాడు, నర్సూ అదే అంది, తుడిచే ఆమె కూడా అదే అంది. ఆ ఆస్పత్రంతా ఒకే పలుకు నేర్చుకుంది.

మర్నాడు ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి ప్రశ్న వచ్చింది. ఈమెకు ఎముకలు బోలుగా మారిన జబ్బు ఎప్పటి నుంచి ఉంది? పడిపోయిందని మళ్లీ రాశాం. ముసలితనంలో ఎముకలు బలహీనపడటం పాత జబ్బు కిందికి వస్తుందనీ, పాత జబ్బులకు కొన్నాళ్లు ఆగాలనీ జవాబిచ్చారు. నేనే ఫోన్ చేశాను. అవతల ఫోన్ ఎత్తిన అమ్మాయి చెప్పబోయే ప్రతి వాక్యం నాకు ముందే తెలుసు. మీ ఇబ్బంది మేం అర్థం చేసుకోగలం అంటుంది, అన్నది. సంబంధిత విభాగానికి పంపిస్తాం అంటుంది, అన్నది. ఆ విభాగానికి ఫోన్ ఉందా అని అడిగాను. మెయిల్ చేయాలంది. కనీసం ఫ్యాక్స్ నుంచి మెయిల్ దాకా ఎదిగాం.

అమెరికా వాళ్ల దగ్గర మనం ఏమేం నేర్చుకున్నామో నాకు తెలియదు. రోగికి లేదని చెప్పే పద్ధతి మాత్రం పొల్లుపోకుండా దించుకున్నాం.

అప్పుడు భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా ఆయన అన్న. బొగ్గు గనిలో పర్మనెంటు ఉద్యోగం. జలుబు చేసినా, కాన్పు అయినా, వాళ్లింటిల్లిపాదికీ గని ఆస్పత్రిలో అన్నీ ఉచితం. ఇన్నేళ్లలో వైద్యానికని ఆయన జేబులో చెయ్యి పెట్టింది లేదు. అట్లాంటి మనిషి నాకు ఉపదేశం మొదలుపెట్టాడు.

"సర్కారు దవాఖానకు మాత్రం తీస్కపోకున్రి అమ్మా. ఫుకట్‌గ చేసేటోళ్లు పానం పెట్టి చేస్తరా? అమెరికల చూడు, అంత ప్రైవేటే. గందుకే గంత ముందున్నరు."

"మరి మీ దవాఖాన ఫుకటే గదా బావా?"

"గది వేరే. గది మేం కష్టపడి సంపాయించుకున్న హక్కు."

"అయితే అత్తమ్మను గా దవాఖానకే తీస్కరమ్మంటవా? తల్లిదండ్రులకు గూడ చూస్తరట గదా."

"పేరు ఎక్కిద్దామనే అనుకున్న. మీ దగ్గర ఉంటున్నది గదా అని... టైం దొరకలే."

తన దగ్గర ఉంటే హక్కు, ఇంకొకరికి ఇస్తే ఫుకట్. ఇంతకంటే పెద్ద ఆలోచనాపరులు టీవీల్లో కూర్చుని మాట్లాడినా, ఆ మాటల లోపల ఉండేది ఈ ముక్కే.

అద్దాల ఆస్పత్రి వాళ్లు క్యాష్ కడితే సాయంత్రమే ఆపరేషన్ అన్నారు. మా ఆయన దుకాణం తాకట్టు పెడతానన్నాడు. నేను వద్దన్నాను. అంబులెన్స్ పిలిపించి అత్తమ్మను సర్కారు దవాఖానకు మార్చాం. ఎక్కించేటప్పుడు ఆమె ఆ అద్దాల తలుపుల వైపే చూసింది.

అక్కడ వార్డు కిటకిటలాడుతోంది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి పక్క మంచానికి వెళ్తోంది. బాత్రూం సంగతి చెప్పను. ఒక సంతకం కోసం మా ఆయన మెట్లు ఎక్కీ దిగీ అలిసిపోయాడు. సర్కారును నెత్తిన పెట్టుకుని ఊరేగించే బుద్ధి నాకు లేదు. అయితే ఎముకల డాక్టరు వచ్చి, కాలు చూసి, "అమ్మా, మంగళవారం చేస్తం, షుగర్ ఉన్నదా?" అన్నాడు. ఎవరినీ అడగకుండా, ఏ అప్రూవల్ లేకుండా ఒక డాక్టరు రోగితో నేరుగా మాట్లాడటం నాకు వింతగా అనిపించింది. నా ఉద్యోగంలో అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు.

పక్క మంచంలో కొత్తగూడ అడవి వైపు తండా నుంచి వచ్చిన లంబాడా ఆమె ఉంది. పోడు చేనులో కట్టె మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది. కూతురితో తమ భాషలో మాట్లాడుతూ, మధ్యలో మా అత్తమ్మతో తెలుగులో ముచ్చట పెట్టేది. ఒక రోజు గడిచేసరికి ఇద్దరూ దోస్తులయ్యారు.

శనివారం మధ్యాహ్నం టీం లీడర్ ఫోన్ చేశాడు. మా కంపెనీలో శనివారాలు ఇంగ్లిష్ బాగుపడటానికని వీడియోలో చర్చలు పెడతారు.

"మేడమ్, మీరు లీవ్‌లో ఉన్నారని తెలుసు. పది నిమిషాలు లాగిన్ అయితే చాలు. మార్కులు అప్రైజల్‌లో కలుస్తాయి. మీకు ప్రైవేటు పక్షం వచ్చింది."

"దేని మీద సార్?"

"అమెరికాలో అందరికీ ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు వైద్యమా. మంచి టాపిక్, మన ఫీల్డే కదా!"

వార్డు బయట వరండాలో స్ట్రెచర్ల పక్కన నిలబడి లాగిన్ అయ్యాను. హైదరాబాద్ ఫ్లాట్లలో చల్లగా కూర్చున్న ముఖాలు వరుసగా కనిపించాయి. ఒకడు అందరికీ వైద్యం మానవ హక్కన్నాడు. హక్కుకు ఇంగ్లిష్ మాటను ఎంత అందంగా పలికాడో! మొన్ననే వాళ్లింటి పనామె జ్వరమని రాకపోతే కొత్తామెను పెట్టుకున్నానని గ్రూపులో రాసింది వాడే. ఒకమ్మాయి కెనడాలో మోకాలి ఆపరేషన్‌కు ఎదురుచూసే వాళ్ల కష్టాలు కళ్లకు కట్టినట్టు చెప్పింది. ఆమె కెనడాను గానీ, మోకాలి ఆపరేషన్‌ను గానీ చూసి ఉండదు. అందరికీ అన్నీ తెలుసు. ఎవరికీ ఏమీ నొప్పిగా లేదు.

నా వంతు వచ్చింది. నేను ప్రైవేటు తరఫునే మాట్లాడాను. ప్రైవేటులో మంచం మెత్తగా ఉంటుంది, రోగి దాని మీద పడుకుని అనుమతి కోసం ఎదురుచూడవచ్చు అన్నాను. రోగం కొత్తదా పాతదా అని తేల్చడానికి చదువుకున్న వాళ్లు ఎంతమందో శ్రమిస్తారు, ఆ శ్రమ మీదే మా ఇంట్లో నేను కూడా బతుకుతున్నాను అన్నాను. బస్సు డ్రైవరమ్మ బిల్లు గురించి చెప్పాను. గుండె నొప్పి వచ్చే ముందు ఫ్యాక్స్ చేయడం నేర్చుకోవాలన్నాను.

"మేడమ్, మీరు అవతలి పక్షానికి వెళ్లిపోతున్నారు" అన్నాడు టీం లీడర్.

"లేదు సార్. ప్రైవేటు గురించి నాకు తెలిసింది ఇదే."

ఇంతలో ఒక స్ట్రెచర్ గడగడమంటూ వచ్చింది. "జరుగున్రి, జరుగున్రి" అని అరుపులు. నేను గోడకు అతుక్కున్నాను, నెట్‌వర్క్ పోయింది. వెనక చప్పుడు ఎక్కువని నాకు మార్కులు తగ్గించారు. మానవ హక్కు కుర్రాడు గెలిచాడు. అతనికి బహుమతిగా ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో హెల్త్ చెకప్ కూపన్ ఇచ్చారు.

లోపలికి వచ్చేసరికి అత్తమ్మ అడిగింది. "ఎవలతోని గా లొల్లి?"

చెప్పాను. అమెరికాలో సర్కారు దవాఖానలు మంచివా, ప్రైవేటువి మంచివా అని వాదన జరిగిందని. ఆమె వెంటనే, "గిండ్ల వాదనేంది? ప్రైవేటే మంచిది. గా అద్దాల దవాఖానల మంచం ఎంత మెత్తగుండె. చల్లగుండె. నువ్వే గీడ తెచ్చి పడేసినవు" అంది.

"గాడ ఆపరేషన్ చెయ్యలే గదా అత్తమ్మా!"

"చెయ్యకపోతేంది, మంచిగ చూసుకున్నరు."

పక్క మంచం ఆమె మధ్యలో అడిగింది. "అమెరికల అంబులెన్సు ఇంటి దాక వస్తదా బిడ్డా?"

"వస్తది అవ్వా. మల్ల దానికి గూడ బిల్లు వేస్తరు."

"ఎయ్యనీ. వస్తది గదా" అంది. ఆమెను తండా నుంచి రోడ్డు దాకా మంచం మీద మోసుకొచ్చారని కూతురు చెప్పింది. ఇంతసేపూ ఎవరెవరినో ఏవగించుకుంటున్న నేను, లేచి ఈ ఇద్దరికీ నీళ్లు పట్టుకొచ్చాను.

మంగళవారం ఆపరేషన్ అయింది. బాగానే అయింది. ఆ సాయంత్రం బావ ఆపిల్ పండ్లు పట్టుకుని వచ్చాడు. వార్డులోకి వచ్చినంతసేపూ ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాడు. తల్లి కాలు చూసి, "మంచిగనే చేసినట్టున్నరే" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. మేం ఇంటికి వచ్చాక అద్దాల ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది. మా సేవలు ఎట్లా ఉన్నాయో నక్షత్రాలతో చెప్పమని. నేను తీసేయబోతుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, మొత్తం నక్షత్రాలు ఇప్పించింది.

ఇప్పుడు ఆమె వాకర్ పట్టుకుని వాకిట్లో తిరుగుతోంది. నా ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. జనగామ గొంతు మళ్లీ తగల్లేదు. మొన్న కురవి నుంచి అత్తమ్మ ఈడు చుట్టం ఒకామె చూడటానికి వచ్చింది. నేను లోపల చాయ్ పెడుతున్నాను.

"ఏ దవాఖానల చేయించుకున్నవు వదినా? మంచిగ నడుస్తున్నవు" అని ఆమె అడిగింది.

అత్తమ్మ వాకర్ మీద నిటారుగా నిలబడింది. "గా అద్దాల దవాఖాన లేదా, కొత్తది, గండ్లనే. కోడలుకు ఇన్సూరెన్స్ ఉన్నది గదా. ఒక్క పైస గూడ అడగలే."

గిన్నె పట్టుకుని నేను గుమ్మంలో ఆగిపోయాను. అత్తమ్మ నా వైపు చూసి, చాయ్‌లో చక్కెర జర ఎక్కువెయ్యమంది.