గుమ్మం మీద రబ్బరు బల్లి

మా మేనకోడలు లావణ్య కుట్టుపని కొట్టు తెరిచిన రోజున, అది తెరుచుకోకుండా చేయబోయిన ఘనుణ్ణి నేనే. తప్పు పూర్తిగా నాది. సగమైనా బల్లి మీదకి నెడదామని చూశాను గానీ, అది రబ్బరుది. పాపం, దానికేం తెలుసు.

ముందురోజు కొత్తవలసలో రైలు ఆలస్యమైతే, పక్కనే ఉన్న పాత సామాన్ల కొట్టులో దూరాను. అక్కడ తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బాలో నా చిన్నతనం మొత్తం పడి ఉంది. మీట నొక్కితే ఎలుక దూకే ప్లాస్టిక్ కెమెరా, టిక్కుటిక్కుమనే రేకు కప్ప, అన్నిటికీ అడుగున రబ్బరు బల్లి. తోక కొస ఎవరో కొరికారు, మిగతా ప్రాణి నిక్షేపంగా ఉంది. చిన్నప్పుడు ఇలాంటిదే అక్క జడలో వేసి, అమ్మ చేత చీపురుతో సన్మానం చేయించుకున్నాను. ఆ తీపి గుర్తుతో కప్పనీ బల్లినీ కొనేశాను. రైల్లో జేబు తడుముకుంటూ నాలో నేను నవ్వుకుంటుంటే, ఎదుటి సీటావిడ తన పిల్లని దగ్గరికి లాక్కుంది.

మర్నాడు చీపురుపల్లిలో, అక్కావాళ్లింట్లో ఒకటే హడావుడి. బావ కిరాణా వ్యాపారి. ఎవరైనా తుమ్మితే తూకం మధ్యలో ఆపేసే మనిషి. కొట్టు గది యజమాని అయిన పెద్దాయన ఈ పట్టింపుల్లో బావనే మించినవాడు. ముహూర్తం దాటేలోపు తాళం పుచ్చుకోకపోతే, గది ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తానన్నాడు. ఇవన్నీ తెలిసే నేను వీధి తలుపు పైన బల్లిని పెట్టాను. బావ బయల్దేరేముందు శకునానికి ఎదురు రావడానికి అక్క చెంబుతో ముందు బయటికొస్తుందని నా అంచనా.

వచ్చింది బావ.

తలుపు తీశాడు. బల్లి ఆయన భుజం మీద పడింది. ఆయన దులుపుకున్నాడు, అది నేల మీద పడింది, నేను కాలితో కప్పేశాను.

"ఏటది?" అన్నాడు బావ.

"బల్లి బావా. పారిపోయింది."

బావ అరుగు మీద కూలబడ్డాడు. "ఇంకేటి కొట్టు. ఎవులూ గడప దాటొద్దు."

అక్క చెంబుతో పరుగున వచ్చింది. "ఏ బుజం?"

"తెల్దే. మెత్తగా తగిలినాది, అంతే."

"కుడి భుజం," అన్నాను, ఏదో మేలు చేసేవాడిలా.

"పంచాంగంలో సూద్దాం. ఒరే, బీరువా మీదున్నాది, పట్రా," అంది అక్క.

నేను కదల్లేదు.

"నిన్నేరా."

"కాలు తిమ్మిరెక్కిందక్కా."

"విదిలించు."

"విదిలిస్తే ఇంకా ఎక్కుతుంది."

లావణ్య నా కాలి వంక చూసింది. "మావా, నీ సెప్పు కింద తోకున్నాది."

"తొక్కి సంపేసినావేట్రా," అంటూ అక్క చెంబు వదిలేసింది. నీళ్లన్నీ నా కాళ్ల మీదే.

బావ మాత్రం ఇటు చూడనేలేదు. "పిల్ల ఎన్నాళ్ల బట్టి ఎదురుసూసినాదో," అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటతో నా తిమ్మిరి దిగిపోయింది. కాలు తీశాను. అప్పడంలా అణిగిన బల్లి మెల్లగా పొంగి, నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. అక్క ఒక్క గెంతులో వంటింట్లో తేలింది.

"రబ్బరుది బావా. నేనే పెట్టాను."

బావ చాలాసేపు నన్ను పుచ్చిన కందిపప్పుని చూసినట్టు చూశాడు. "రబ్బరుదైనా పడింది పడిందే. నాను తానం సేసొస్తాను. నువ్వు పిల్లని తీసుకెల్లి, ఆ పెద్దాయనకి ఉన్నదున్నట్టు సెప్పి ఆపు."

బండి మీద వెనక నుంచి లావణ్య ఒకే ఒక్క మాటంది. "కొట్టు పోతే, మీ ఇంటి వరండాలో మిషనెట్టుకుంటాను మావా. పొద్దల్లా నీ ఎదురుగానే ఉంటాను."

బండి కొంచెం వేగం పెంచాను.

కొట్టు ముందు పెద్దాయన తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. పక్కనే ఫోన్లతను ఆశగా చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పి, సాక్ష్యంగా బల్లిని తీసి చేతిలో పెట్టాను. ఇక తిట్లే అనుకున్నాను. ఆయన దాన్ని ఓసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఇది నాకుండీది," అన్నాడు. "మా తాత చుట్టల పెట్టిలో ఏసినాను. ఇదే తోక కొరుకుడు. ఎక్కడ దొరికినాదిరా?"

"మీరే ఉంచుకోండి బాబూ."

ఆయన లావణ్య వైపు తిరిగాడు. "సరే అమ్మా, ఇదిగో తాళం. ముహూర్తం దాటక ముందే కాయ కొట్టు."

లావణ్య కొబ్బరికాయ కొట్టింది. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు. అప్పుడే తల తుడుచుకుంటూ బావ వచ్చాడు. కొట్టు తెరిచి ఉండడం చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

పెద్దాయన ఎదురెళ్లాడు. "ఏ బుజం మీద పడినాదన్నారు బాబూ? ఇదేనా?" అంటూ బావ భుజం మీద బల్లిని వదిలేశాడు.

బావ వెనక్కి తిరిగి మళ్లీ స్నానానికి ఇంటికి నడిచాడు.

ఆ రెండో స్నానానికి నీళ్లు తోడింది నేను, కాచింది నేను, వీపు రుద్దింది నేను. రుద్దుతూనే, సున్నిపిండి సాక్షిగా ప్రమాణం చేశాను. "బావా, ఈ జన్మలో ఇంకే గుమ్మం మీదా ఏ బల్లినీ పెట్టను."

"మంచిది," అన్నాడు బావ.

ఇంకో పిడికెడు సున్నిపిండి తీస్తూ అడిగాను. "కప్ప మీద పడితే ఏమవుతుందో శాస్త్రంలో ఉందా బావా?"

"లేదు," అన్నాడు. చెంబు ఎత్తబోయి ఆగాడు. సున్నిపిండి మొహంతో నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"జేబు సూపించు."